పోయినవారి పేర్లు రిజిస్టరులో ఉండాలి

(2020 డిసెంబరు చివరి ఆదివారం ఫిల్మ్‌నగర్ బస్తీలో జరిగిన సంస్మరణ సభలో చేసిన ప్రసంగ పాఠం)



నాలుగు రోజుల్లో ఈ సంవత్సరం ముగుస్తుంది. 2020 మన మధ్య నుండి తీసుకుపోయిన వారిని స్మరించుకొని, వారికోసం దుఆ చేయడానికి ఇక్కడ సమావేశమయ్యాం. దుఆతో పాటు మనం చేయవలసిన పని మరొకటి ఉంది. ముప్పై ఏళ్లకు పైగా ప్రభుత్వ కార్యాలయంలో గుమాస్తాగా పనిచేసినవాణ్ణి కనుక ఆ పనిని గురించే ముఖ్యంగా మనవి చేస్తాను.

మార్చి 2న తెలంగాణలో తొలి కరోనా కేసు బయటపడింది. ఆ నెల మధ్యలోనే షూటింగులు ఆగిపోయాయి, థియేటర్లు మూతపడ్డాయి. మార్చి 25 నుండి దేశమంతటా లాక్‌డౌన్ అమలులోకి వచ్చింది. ఫిల్మ్‌నగర్ బస్తీల్లోనూ, కృష్ణానగర్ అద్దె గదుల్లోనూ నివసించే లైట్‌బాయ్‌లు, సెట్లు వేసే వడ్రంగులు, డ్రైవర్లు, జూనియర్ ఆర్టిస్టులు రోజుకూలీ మీద బతికేవారు. జూబ్లీహిల్స్ ఇళ్లలో పనిచేసే మన ఆడపడుచుల పరిస్థితీ అంతే. చిరంజీవి గారి చొరవతో ఏర్పడిన కరోనా క్రైసిస్ చారిటీ సినీ కార్మికులకు నిత్యావసర సరుకులు అందించింది. ఆ మేలును మరువరాదు. రాష్ట్ర ప్రభుత్వం తెల్ల రేషన్ కార్డులో పేరున్న ప్రతి మనిషికీ 12 కిలోల బియ్యం, కుటుంబానికి 1,500 రూపాయలు ఇచ్చింది. కార్డు లేని కుటుంబం ఆకలి మాత్రం కార్డున్న కుటుంబం ఆకలి కంటే తక్కువేమీ కాదు.

ఈ ఏడాది కళారంగమూ ఎందరినో పోగొట్టుకొంది. ఏప్రిల్ 29న ఇర్ఫాన్ ఖాన్, జూలై 28న రావి కొండలరావు, సెప్టెంబరు 8న జయప్రకాశ్ రెడ్డి వెళ్లిపోయారు. 1966లో ‘శ్రీశ్రీశ్రీ మర్యాద రామన్న’ చిత్రంతో గాయకుడైన ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యం సెప్టెంబరు 25న కన్నుమూసినపుడు మతభేదం లేకుండా తెలుగువారంతా విలపించారు. వారి పేర్లు పత్రికల్లో ఉన్నాయి, చరిత్రలో ఉంటాయి. అవే నెలల్లో మన బస్తీల్లో పోయినవారి పేర్లు ఎక్కడున్నాయి? కొందరి జనాజాకు నలుగురు కూడా లేరు. కొందరిని ఆసుపత్రి నుండి నేరుగా ఖబరస్తాన్‌కు తీసుకువెళ్లారు. మరికొందరు ఏ పరీక్షా జరగకుండానే ఇంట్లో ప్రాణం విడిచారు.

రోగంతో పాటు మరొక భారాన్ని కూడా మన సమాజం మోసింది. ఢిల్లీ మర్కజ్ ఉదంతం తరువాత వ్యాధికి మతాన్ని అంటగట్టారు. కూరగాయలు అమ్ముకొనేవారిని పేరు అడిగి పంపివేసిన సందర్భాలు దేశంలో ఎన్నో జరిగాయి. ఆగస్టు 21న బొంబాయి హైకోర్టు ఔరంగాబాద్ ధర్మాసనం విదేశీ తబ్లీగీలపై కేసులు కొట్టివేస్తూ, వారిని బలిపశువులను చేశారని అభిప్రాయపడింది. ఈ నెల 15న ఢిల్లీ న్యాయస్థానం 36 మంది విదేశీయులను నిర్దోషులుగా విడుదల చేసింది. పుకారు ఒక్క రోజులో ఊరంతా తిరిగింది. దానికి జవాబు చెప్పినది మాత్రం నెలల తరబడి ఓపికతో సమర్పించిన కాగితాలు, సాక్ష్యాలు. ఈ సంగతి మనం గుర్తుంచుకోవాలి.

ఇక అక్టోబరు 13 సంగతి. ఘట్‌కేసర్‌లో ఒక్క రోజులో 32 సెంటీమీటర్లు, హైదరాబాదు నగరంలో 19 సెంటీమీటర్ల వర్షం కురిసింది. నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు పెద్దలు. జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ కొండలపై కురిసిన వాన అక్కడ నిలవదు. ఒక వైపు వాలున షేక్‌పేట, టోలిచౌకి పల్లాలకు, మరొక వైపున కృష్ణానగర్ వీధులకు దిగుతుంది. షాహ్ హాతిం చెరువు పక్కనున్న నదీం కాలనీ రోజుల తరబడి నీటిలో ఉండిపోయింది. బండ్లగూడ మహమ్మదియా హిల్స్‌లో గోడ కూలి పసిబిడ్డతో సహా పలువురు మరణించారు. ఆ వారంలోనే గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీలు మునిగాయి.

ఇది నగరానికి కొత్త పాఠం కాదు. 1908 సెప్టెంబరు 28న మూసీ వరదలో దాదాపు 15,000 మంది మరణించారు. ఆనాటి ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారిని పిలిపించింది. ఆ తరువాతనే ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ వెలిశాయి. 2000 ఆగస్టులో ఒక్క రోజున 24 సెంటీమీటర్ల వాన పడితే నాలాల విస్తరణపై కిర్లోస్కర్ నివేదిక తయారైంది. వానను ఎవరూ ఆపలేరు. నాలాను పూడ్చింది, చెరువు గర్భంలో ప్లాటు వేసి అమ్మింది మాత్రం ప్రకృతి కాదు. జీవితకాలపు సంపాదన పోసి ఆ ప్లాటు కొన్న పేదవాడు మునిగాడు. అమ్మినవాడు మునగలేదు.

వరద బాధిత కుటుంబానికి 10,000 రూపాయల సాయాన్ని అక్టోబరు 19న ప్రభుత్వం ప్రకటించింది. మొదట నగదు చేతికిచ్చారు. తరువాత మీసేవలో దరఖాస్తు చేయమన్నారు. మన తల్లులు తెల్లవారకముందే వరుసల్లో నిలబడ్డారు. నగరపాలక ఎన్నికల నియమావళి అమలులో ఉన్నందున నవంబరు 18న ఎన్నికల సంఘం ఆ పంపిణీని ఆపివేయించింది. ఒకే ఇంటి నంబరులో మూడు కుటుంబాలు అద్దెకుంటే ఆ పదివేలు ఎవరివి? ఆధార్‌లో పాత చిరునామా ఉన్నవారు మునగలేదా? ఈ ప్రశ్నలను మనం ఇంకా లిఖితపూర్వకంగా అడగవలసి ఉంది.

కార్యాలయంలో నేను నేర్చుకొన్నది ఒక్కటే. ఫైలులో లేని మనిషిని ప్రభుత్వం చూడదు. ఇది న్యాయమని నేను అనడం లేదు. ఉన్న పద్ధతి ఇది. దీనిని మార్చమని పోరాడుతూనే, మనవారి పేర్లు ఫైలులోకి ఎక్కించే పని మనమే చేయాలి.

అన్నిటికంటే ముందు మరణ నమోదు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం ప్రకారం 21 రోజుల్లో తెలియజేస్తే రుసుము ఉండదు. 30 రోజుల వరకు ఆలస్య రుసుము చెల్లించాలి. ఆ తరువాత ఏడాది లోపు అఫిడవిట్, అధికారి అనుమతి కావాలి. ఏడాది దాటితే మేజిస్ట్రేటు ఉత్తర్వు తేవాలి. అంటే గత ఏప్రిల్‌లో పోయినవారికి వచ్చే ఏప్రిల్ వరకే గడువు. ఆసుపత్రిలో మరణిస్తే ఆసుపత్రి తెలియజేస్తుంది. ఇంట్లో మరణిస్తే ఆ బాధ్యత కుటుంబ పెద్దది. శ్మశానాల, ఖబరస్తాన్‌ల నిర్వాహకులకు కూడా చట్టం ఈ బాధ్యతను అప్పగించింది. అందుచేత మన కమిటీలు తమ రిజిస్టర్లు తెరచి, ఈ ఏడాది ఖననమైన ప్రతి ఒక్కరికీ ధ్రువపత్రం ఉన్నదా అని సరిచూడాలి.

ఆ కాగితం లేనిదే వితంతువుకు నెలకు 2,016 రూపాయల ఆసరా పింఛను రాదు. బ్యాంకులోని సొమ్ము, బీమా, ఇంటి హక్కు మారవు. మార్చి 14న కేంద్ర హోంశాఖ కోవిడ్ మృతుల కుటుంబాలకు 4 లక్షల రూపాయలని ఉత్తర్వు ఇచ్చి, అదే రోజు ఆ అంశాన్ని తొలగించింది. రేపు ఏ ప్రభుత్వమైనా, ఏ న్యాయస్థానమైనా పరిహారం ఇవ్వమంటే మొదట అడిగేది మరణ ధ్రువపత్రమే. ఆసుపత్రి చీటీలు, పరీక్ష ఫలితాలు, బిల్లులు పారవేయకండి.

రెండవది, వరద నష్టం. ప్రతి వీధిలో చదువుకొన్న ఇద్దరు యువకులు ఇంటింటికీ తిరిగి, నీరు ఎంత ఎత్తుకు వచ్చిందో, ఏమేమి పాడైందో, సాయం అందిందో లేదో రాయాలి. హిందువుల ఇల్లయినా, ముస్లిముల ఇల్లయినా ఆ జాబితాలో ఉండాలి. వరద ఎవరినీ మతం అడగలేదు. మూడవది, మీ వీధి నాలా ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు పెట్టి తెలుసుకోండి. ప్లాటు కొనేముందు అది చెరువు శిఖమేమో విచారించండి.

దుఃఖించడానికి మనకు హక్కుంది. కానీ దుఃఖంలో ఉన్న వితంతువును ఒంటరిగా కార్యాలయాల చుట్టూ తిరగనివ్వకూడదు. దరఖాస్తు రాయడం రానివారికి ప్రతి శుక్రవారం జుమా తరువాత మసీదు వరండాలో కూర్చొని రాసిపెడతాను. రాయగల మరి కొందరు తోడు రావలెనని కోరుతున్నాను.

పోయినవారందరినీ అల్లాహ్ క్షమించి కరుణించుగాక. ఉన్నవారికి ఓర్పును, ఒకరికొకరు తోడ్పడే శక్తిని ప్రసాదించుగాక. ఆమీన్.