పాల కొలత ఎవరి చేతిలో ఉంది?

(మన యూనియన్ సర్వసభ్య సమావేశంలో కార్యదర్శి చేసిన ప్రసంగం. సభ్యుల కోరికపై అచ్చు వేస్తున్నాము.)



ఈ రోజు మన ముందున్న తీర్మానాలలో నాలుగవది పాల ధర గురించినది. "పాల ధరను వెంటనే తగ్గించాలని ప్రభుత్వాన్ని కోరుతున్నాము" అని అందులో వ్రాసి ఉంది. దీనిని తెచ్చిన సోదరుల బాధ నాకు తెలియనిది కాదు. పోయిన సమావేశంలో బీడీలు చుట్టే ఒక చెల్లె లేచి, "అన్నా, మా ఇంట్ల చాయల పాలకన్న నీళ్ళే ఎక్కువైనయి" అన్నది. మనమంతా నవ్వాము. ఆమె మాత్రం నవ్వలేదు. మా ఇంట్లో కూడా లీటరు ప్యాకెట్టు అర లీటరు అయి చాలా రోజులైంది.

అయినా ఈ తీర్మానాన్ని ఉన్నదున్నట్టు ఆమోదించవద్దని అడగడానికి నేను లేచాను. ఎందుకు వద్దంటున్నానో చెప్పి, దాని బదులు ఏమి వ్రాయాలో కూడా చెబుతాను. తరువాత నిర్ణయం మీది.

పాతవారికి నా సంగతి తెలుసు. మా మిల్లు మూతపడినప్పుడు గ్రాచ్యుటీ కింద కొంత డబ్బు చేతికి వచ్చింది. ఆ డబ్బుతో రెండు సంకరజాతి ఆవులు కొన్నాను. షోలాపూర్ బయట ఒక మరాఠీ రైతు మిత్రుని పొలంలో కట్టేసి, రెండు పూటలా సైకిలు మీద పోయి వచ్చేవాణ్ణి. ఏడాదిన్నరకే అమ్మేశాను. నష్టం వచ్చినందుకు నాకు అంత బాధ లేదు. ఎందుకు వచ్చిందో తెలుసుకున్నాను కనుక ఆ డబ్బు చదువుకు కట్టిన ఫీజు అనుకున్నాను.

పాలు తీసుకొనే కేంద్రంలో ముందు కొంచెం పాలు తీసి యంత్రంలో పెడతారు. వెన్న శాతం ఇంత, ఎస్.ఎన్.ఎఫ్. ఇంత అని చీటీ వస్తుంది. ఎస్.ఎన్.ఎఫ్. అంటే నీళ్ళూ వెన్నా పోగా పాలలో మిగిలే గట్టి పదార్థం. ఈ రెండు అంకెలను బట్టే ధర. ఆవు పాలకు వెన్న 3.5, ఎస్.ఎన్.ఎఫ్. 8.5 ఉంటే చెప్పిన ధర ఇస్తారు. ఒక్కొక్క పాయింటు తగ్గేకొద్దీ కోత పడుతుంది. నా చీటీ మీద దాదాపు ప్రతి రోజూ కోత ఉండేది. అనుమానం వచ్చి ఒక రోజు ఒకే బకెట్టులో బాగా కలిపిన పాలను రెండు క్యాన్లలో పోసి, ఒకటి నా పేరున, ఒకటి నా మిత్రుని పేరున ఇచ్చాము. రెండు చీటీల మీద రెండు రకాల అంకెలు వచ్చాయి. ఇదేమిటని అడిగితే "మేమేం చేస్తాం, యంత్రం చెప్పింది" అన్నారు. ఆ యంత్రం ఎవరిది? కొనేవారిది. దాన్ని సరిచేసేది ఎవరు? కొనేవారే.

సాంచా ఖాతాలో పనిచేసినవారికి ఈ కథ కొత్త కాదు. మనం గుడ్డ నేసి పంపిస్తాము. లోపల ఫోల్డింగ్ ఖాతాలో ఎవరో చూసి డామేజీ అని వ్రాస్తారు. కూలిలో కోత పడుతుంది. మన బీడీ అక్కచెల్లెళ్ళు వెయ్యి బీడీలు చుట్టి ఇస్తే, బాగా లేవని కొన్ని పక్కకు తీసి లెక్కలోంచి కొట్టేస్తారు. మన ఎదుట చూడండి, మనిషి సమక్షంలో లెక్కపెట్టండి అని మనం ఎన్ని గేటు సభలు పెట్టలేదు? కొలిచేవాడూ, ధర కట్టేవాడూ ఒక్కడే అయినచోట పనిచేసినవాడికి న్యాయం జరగదు. మగ్గం దగ్గర తెలిసిన ఈ సంగతిని పాల క్యాను దగ్గర మరిచిపోకూడదు.

ఇక రైతుకు మిగిలేది ఎంతో చూడండి. నా మిత్రుడు ఇప్పటికీ పాలు పోస్తున్నాడు. అతను నాకు కాగితం మీద వేసి చూపిన లెక్క ఇది. ఆవు రోజుకు సగటున 10 లీటర్లు ఇస్తుంది. దాణా 5 కిలోలు, కిలో 32 రూపాయల చొప్పున 160. పచ్చి మేత 20 కిలోలకు 60. ఎండు చొప్ప, ఇక్కడ కడబా అంటారు, 5 కిలోలకు 40. మందులు, ఖనిజ లవణాలు, కరెంటు కలిపి 20. మొత్తం 280 రూపాయలు. డెయిరీ లీటరుకు 30 ఇస్తే, అనుదానం లేని రోజుల్లో వచ్చేది 300. మిగిలింది రోజుకు 20.

ఆవు ఏడాది పొడుగునా పాలివ్వదు. ఈతకు సుమారు 305 రోజులు ఇస్తుంది. ఆ లెక్కన మిగిలేది 6,100. తరువాత రెండు నెలలు వట్టిపోతుంది, కానీ మేత మానదు. రోజుకు 120 చొప్పున 60 రోజులకు 7,200. అంటే 1,100 రూపాయలు చేతి నుంచి పడింది. ఇందులో బ్యాంకు వాయిదా లేదు, ఆవు చచ్చిపోతే వచ్చే నష్టం లేదు. తెల్లవారుజామున నాలుగింటికి లేచి పేడ తీసి, పాలు పితికే ఆలుమగల కూలి అసలే లేదు. మిగిలేది పేడ, ఒక దూడ. అదే లీటరుకు 5 రూపాయలు ఎక్కువ వస్తే ఈతకు 15,250 అవుతుంది. ఆ 5 రూపాయలే ఆ ఇంటి కూలి.

కాబట్టి "పాల ధర తగ్గించాలి" అని మనం వ్రాస్తే, ఆ కోత ఎవరి మీద పడుతుంది? తేలికగా కోయగలిగినవాడి మీదనే పడుతుంది. ఇది నా ఊహ కాదు, జరిగిందే చెబుతున్నాను. 2023 జులైలో మహారాష్ట్ర ప్రభుత్వం ఆవు పాలకు కనీస ధర 34 రూపాయలని ప్రకటించింది. ఆ ఏడాది చివరికి చాలాచోట్ల రైతుకు 27 దాకా పడిపోయింది. పాలపొడి, వెన్న ధరలు పడిపోయాయి అన్నారు. చలికాలంలో పాలు ఎక్కువ వస్తాయి, మిగిలినవాటిని పొడి చేస్తారు, పొడికి గిరాకీ లేకపోతే ఆ భారం రైతు మీదికి దొర్లుతుంది. సరే, అప్పుడు మన గల్లీ దుకాణంలో ప్యాకెట్టు అయిదారు రూపాయలు తగ్గిందా? మీలో ఎవరి ఇంట్లోనైనా తగ్గి ఉంటే చేయి ఎత్తండి. (ఎవరూ ఎత్తలేదు.)

రైతులు ఆందోళన చేస్తే 2024 జనవరిలో ప్రభుత్వం లీటరుకు 5 రూపాయల అనుదానం ఇచ్చింది. జులైలో డెయిరీ 30, ప్రభుత్వం 5, మొత్తం 35 అన్నది. అక్టోబరు నుంచి ప్రభుత్వం 7 ఇస్తుంది, డెయిరీ 28 ఇస్తే చాలు అన్నది. కలిపి చూడండి, రైతుకు అవే 35. ఖజానా నుంచి రెండు రూపాయలు ఎక్కువ పోయాయి, డెయిరీకి రెండు రూపాయలు మిగిలాయి. ఆ ఖజానాలో మనం సబ్బు కొన్నా, చెప్పులు కొన్నా కట్టే పన్ను కూడా ఉంది.

ఇంకొక సంగతి. ఇంటికి పోయి ప్యాకెట్టు మీద చదవండి. టోన్డ్ పాలకు చట్టం ప్రకారం వెన్న 3.0 శాతం ఉంటే చాలు. డబుల్ టోన్డ్ పాలకు 1.5 చాలు. రైతు 3.5 కు తక్కువ తెస్తే కోత. మనకు అమ్మేటప్పుడు 3.0 తో అమ్మవచ్చు. మధ్యలో తీసిన వెన్న వెన్నగా, నెయ్యిగా వేరే ధరకు పోతుంది. ఇది దొంగతనం అని నేను అనటం లేదు, చట్టం ఒప్పుకున్నదే. చల్లబరచాలి, లారీలో తేవాలి, ప్యాకెట్టు చేయాలి, దుకాణదారునికి కమిషన్ ఇవ్వాలి. అక్కడ పనిచేసేవారు కూడా మనవంటి కార్మికులే. కాని మనం 50 రూపాయలకు పైగా ఇచ్చే లీటరులో రైతుకు 30 పోతే, రూపాయిలో 60 పైసలు మించడం లేదు. అమూల్ వారు రూపాయిలో సుమారు 80 పైసలు రైతుకే చేరుతున్నాయని చెప్పుకుంటారు. మధ్యలో ఉన్న లెక్కను బయట పెట్టమని అడగడంలో తప్పేముంది?

అమూల్ ఎలా పుట్టిందో కూడా తెలుసుకోవాలి. 1945లో బొంబాయి నగరానికి పాలు పంపే పథకం పెట్టి, గుజరాత్‌లోని ఖేడా జిల్లా పాలు కొనే హక్కును పోల్సన్ అనే కంపెనీకి అప్పగించారు. నగరంలో ధర బాగానే ఉంది, పల్లెలో రైతుకు వచ్చేది కొంచెమే. సర్దార్ పటేల్ సలహాతో రైతులు 1946లో సమ్మె కట్టారు. పదిహేను రోజులు బొంబాయికి పాలు పోనివ్వలేదు. పథకం దిగివచ్చింది. త్రిభువన్‌దాస్ పటేల్ నాయకత్వాన 1946 డిసెంబరు 14న వారి సహకార సంఘం రిజిస్టరు అయింది. మొదట రెండు ఊళ్ళ సంఘాలు, రోజుకు సుమారు 250 లీటర్లు. 1949లో కురియన్ గారు వచ్చి యంత్రాలు నిలబెట్టారు. 1955లో బర్రె పాలతో పొడి చేసి చూపారు. సమ్మెతో ధర వస్తుంది, కాని కొలతా కర్మాగారమూ చేతికి వస్తేనే ఆ ధర నిలుస్తుంది. వాళ్ళు ఈ రెండవ పని కూడా చేశారు. సహకార సంఘం అని బోర్డు కట్టి, లోపల నాయకుల కుటుంబాలు కూర్చుంటే మాత్రం ఏమీ మారదు. అది కూడా మన కళ్ళతో చూస్తున్నాము.

మన జిల్లా చెరకు జిల్లా. 1966 చెరకు నియంత్రణ ఉత్తర్వు ప్రకారం చెరకుకు ధర కేంద్రం నిర్ణయిస్తుంది. 2024-25 సీజనుకు 10.25 శాతం రికవరీ మీద క్వింటాలుకు 340 రూపాయలు. పద్నాలుగు రోజులలో డబ్బు ఇవ్వాలని కూడా ఉంది. ఆలస్యమైతే రైతు కోర్టుకు పోవడానికి ఒక కాగితం ఉంది. రోజూ పితికే పాలకు అటువంటి చట్టం లేదు. కేంద్రం మద్దతు ధర ప్రకటించే పంటల జాబితాలో పాలు లేవు. కనీస వేతనాల చట్టం 1948లో రాకముందు మన తాతల కూలి ఎలా ఉండేదో, పాల రైతు ధర ఇప్పుడు అలా ఉంది.

"రైతుకు ఎక్కువ ఇస్తే మన ప్యాకెట్టు ఇంకా పెరగదా అన్నా?" అని అడుగుతారు. సరైన ప్రశ్నే. కొంత పెరగవచ్చు, నేను దాచను. అందుకే మన కరువు భత్యం పోరాటం ఉంది. కరువు భత్యానికి ఆధారమైన ధరల సూచిలో పాలు కూడా ఒక సరుకు. పాల ధర పెరిగితే ఆ పెరుగుదల మన జీతంలోకి రావాలి, అది యజమాని ఇవ్వాలి. రైతు కూలిని కోసి మన చాయ చౌక చేస్తే, లాభపడేది మన జీతం పెంచనక్కరలేని యజమాని. బీడీ చెల్లెకు నా జవాబు ఇది. నీ చాయలో పాలు పెరగాలంటే నీ వెయ్యి బీడీల కూలి పెరగాలి. నీకు పాలు పోసే ఆమె కూడా నీలాగే కూలి రాని ఆడమనిషి.

మన పెద్దలు తెలంగాణ పల్లెల నుంచి ఈ ఊరికి ఎందుకు వచ్చారు? చేసిన పనికి అక్కడ బ్రతుకు నిలవలేదు కనుక వచ్చారు. ఈ రోజు ఆవును అమ్మిన రైతు కొడుకు రేపు మన మిల్లు గేటు ముందు బద్లీ పని కోసం నిలబడతాడు. తక్కువ కూలికి ఒప్పుకుంటాడు. అప్పుడు అతనితో మనం తగవు పడవలసి వస్తుంది.

అందుచేత నాలుగవ తీర్మానాన్ని ఇలా మార్చాలని ప్రతిపాదిస్తున్నాను.

ఒకటి: ప్రతి డెయిరీ రైతుకు ఇచ్చే ధరను, ప్యాకెట్టు ధరను ఒకే బోర్డు మీద వ్రాసి పెట్టాలి. రైతుకు తగ్గించిన రోజు ప్యాకెట్టుకు కూడా తగ్గించాలి.

రెండు: పాలు కొలిచే యంత్రాలను, కాటాలను తూనికలు కొలతల శాఖ తనిఖీ చేసి సీలు వేయాలి. పరీక్ష దగ్గర రైతుల మనిషి ఉండాలి. అనుమానం వస్తే రెండవ పరీక్ష అడిగే హక్కు ఉండాలి.

మూడు: చెరకుకు ఉన్నట్టే పాలకు చట్టం బలం గల కనీస ధర ఉండాలి. ఆ ధరలో మేత ఖర్చుతోపాటు మనిషి కూలి కూడా కట్టాలి.

నాలుగు: మిల్లు కార్మికులకు, బీడీ కార్మికులకు కరువు భత్యం సూచి ప్రకారం బకాయి లేకుండా చెల్లించాలి.

ఈ తీర్మానాన్ని కలెక్టరు గారికి పంపేముందు రైతు సంఘం వారికి కూడా ఒక కాపీ మరాఠీలో వ్రాసి ఇద్దాము. వచ్చే వారం నేనే తీసుకొని పోతాను. నాతో రావడానికి ఇద్దరు కావాలి, ఒకరు మన బీడీ అక్కచెల్లెళ్ళలో నుంచి అయితే మంచిది. ఇప్పుడు మీ అభిప్రాయాలు చెప్పండి. వ్యతిరేకించేవారు ముందు మాట్లాడండి.

కార్మిక కర్షక ఐక్యత వర్ధిల్లాలి!

(చర్చ తరువాత సవరించిన తీర్మానం ఆమోదం పొందింది. ఏడుగురు వ్యతిరేకించారు. రైతు సంఘం దగ్గరికి పోవడానికి ముగ్గురు పేర్లు ఇచ్చారు.)