బొగ్గు దుమ్ము నీళ్లల్ల మునగదు, బంగారం కణానికి కోటు కావాలె: ఎందుకు?

ఇవాళ టాపిక్ పేరు వింటేనే భయమైతది: పాలిమర్ కోటు వేసిన లోహపు నానోకణాలు, నూనె-నీళ్ల సరిహద్దు దగ్గర ఎట్ల ఉంటయి అని. పేరు పక్కన పెట్టుండ్రి. బొగ్గుతో మొదలుపెడదాం.

శ్రీరాంపూర్, మందమర్రి దిక్కు ఉండేటోళ్లు చూసే ఉంటరు. బకెట్ల నీళ్ల మీద సన్నటి బొగ్గు దుమ్ము పడితే మునగదు. బొగ్గు నీళ్లకన్నా బరువైనదే, అయినా పైననే ఉంటది. ఎందుకంటే నీళ్లు దాన్ని పూర్తిగా తడపలేవు. కొంత గాలిల, కొంత నీళ్లల్ల, సరిగ్గా ఆ సరిహద్దు మీదనే కూర్చుంటది. ఉత్త నీళ్లు చల్లితే బొగ్గు దుమ్ము సరిగ్గా అణగకపోవడానికి ఇదొక కారణం. అందుకే గనుల్లో చాలాచోట్ల ఆ నీళ్లల్ల సబ్బులాంటి మందు కలుపుతరు. ఊపిరితిత్తుల సంగతి కదా మరి.

ఇప్పుడు బొగ్గు బదులు బంగారం అనుకోండి. వెడల్పు 10 నానోమీటర్లే. మన వెంట్రుక మందం సుమారు 80,000 నానోమీటర్లు, పోల్చి చూసుకోండి. ఈ కణం నూనెకు, నీళ్లకు నడుమ కూర్చుంటే, అంత జాగాలో ఆ రెండూ ఒకదాన్నొకటి తాకే బాధ తప్పుతది. ఆ మేరకు శక్తి మిగులుతది. కణం సరిగ్గా సగం సగం మునిగిందనుకొని లెక్క వేస్తే, దాన్ని అక్కడి నుంచి పీకాలంటే, మామూలు వేడికి కలిగే కుదుపు కంటే దాదాపు 900 రెట్ల శక్తి కావాలె. వెడల్పు సగమైతే ఆ పట్టు నాలుగో వంతుకు పడిపోతది.

కానీ అసలు చిక్కు వేరే ఉంది. కోటు లేని బంగారం కణాలు ఉప్పు తగిలితే ఒకదానికొకటి అతుక్కుపోతయి, ఎర్ర రంగు నీలమైతది. మైకేల్ ఫారడే 1857లోనే ఇది రాసిండు. జెలటిన్ లాంటి జిగురు కలిపితే రంగు మారకుండా ఆగుతదని కూడా చూసిండు. జెలటిన్ అంటే పాలిమరే! కరోనా టైంల ఇంట్లో చేసుకున్న టెస్ట్ కిట్ యాదికుందా? చాలా కిట్లల్ల ఆ ఎర్ర గీత బంగారం నానోకణాలదే. వాటికి ప్రొటీన్ల కోటు ఉంటది. అది లేకపోతే శాంపిల్‌లోని ఉప్పుకే కణాలు గడ్డకట్టి, రిజల్టే నమ్మలేం.

ల్యాబుల్లో ఎక్కువగా వాడే కోటు పాలీఇథిలీన్ గ్లైకాల్. దీని గమ్మత్తేందంటే నీళ్లల్ల కరుగుతది, కొన్ని నూనెలాంటి ద్రవాలల్ల కూడా కరుగుతది. కాబట్టి సరిహద్దుకు చేరినంక దాని పోగులు పక్కలకు పరుచుకుంటయి. పెనం మీద కొట్టిన గుడ్డు లెక్క: నడుమ పచ్చసొన బంగారం, చుట్టూ తెల్లసొన పాలిమర్. పక్క కణం ఎంత దగ్గరికి రావాలో ఆ తెల్లసొన వెడల్పే చెప్తది. పోగులు పొడుగైతే బంగారం కణాల నడుమ ఎడం పెరుగుతది, పొట్టివైతే తగ్గుతది. ఎడం మారితే పొర రంగు కూడా మారుతది. నాకైతే ఈ సబ్జెక్టులో ఇదే అన్నిటికన్నా నచ్చిన ముచ్చట.

ఇంట్లో చూడాలంటే పళ్లెంల నీళ్లు పోసి మిరియాల పొడి చల్లుండ్రి. వేలికి కొంచెం గిన్నెలు తోమే సబ్బు రాసి నడుమ ముట్టుకోండి. పొడి అంచులకు ఎట్ల ఉరుకుతదో చూస్తరు. సరిహద్దు మీద జాగా కోసం సబ్బు కూడా పోటీకొస్తది. పట్టు తక్కువున్న చిన్న నానోకణాలను అయితే అక్కడి నుంచి వెళ్లగొట్టనూ గలదు. వీడియో తీస్తే కామెంట్లల్ల పెట్టుండ్రి.