దుకాణం మూసిన మర్నాడు



2015లో తెలంగాణలో ఎక్సైజ్ శాఖ కల్తీ కల్లు మీద గట్టిగా దాడులు మొదలుపెట్టింది. తప్పనిసరిగా చేయాల్సిన పనే అది. తాటిచెట్లు, ఈతచెట్లు ఇవ్వగలిగిన కల్లు కంటే దుకాణాల్లో అమ్ముడయ్యే కల్లు చాలా ఎక్కువ. ఆ తేడాను నీళ్లూ మత్తుమందులూ పూడుస్తూ వచ్చాయి. ఒకప్పుడు క్లోరల్ హైడ్రేట్ కలిపేవాళ్లు, తర్వాత డైజిపాం, ఆ తర్వాత ఆల్ప్రాజోలం. దాడులతో ఆ సరఫరా ఒక్కసారిగా పడిపోయింది. కొద్దిరోజులకే నిజామాబాద్, మహబూబ్‌నగర్, మెదక్ వైపు నుంచి ఆసుపత్రులకు జనం రావడం మొదలైంది. చేతులు వణుకుతున్నాయి. రాత్రిళ్లు నిద్ర లేదు. లేని మనుషులు కనిపిస్తున్నారు, వినపడని మాటలు వినిపిస్తున్నాయి. కొందరికి ఫిట్స్ వచ్చాయి. ఇలా వచ్చినవాళ్లు వందల్లో ఉన్నారు. కొందరు బతకలేదు.

వాళ్లలో చాలామంది కూలిపని చేసుకునేవాళ్లు. పొద్దంతా పని చేసి సాయంత్రం ఒక సీసా కల్లు తాగి పడుకోవడం అక్కడ ఆడవాళ్లకూ మగవాళ్లకూ తరాలుగా అలవాటు. తాము తాగుతున్నది కల్లే అనుకున్నారు తప్ప, ఏళ్ల తరబడి ఒక మాత్రకు బానిసలయ్యామని వాళ్లకు తెలియదు. దాని పేరు కూడా ఎప్పుడూ విని ఉండరు.

మెదడులో గాబా అనే రసాయనం నరాల దూకుడుకు కళ్లెం వేస్తుంది. ఆల్ప్రాజోలం, డైజిపాం, మద్యం మూడూ ఆ గాబాకు బలం చేకూర్చేవే. నెలల తరబడి బయటి నుంచి ఈ బలం అందుతుంటే మెదడు తన లెక్క తాను మార్చుకుంటుంది. గాబాకు స్పందించడం తగ్గించి, ఉద్రేకపరిచే గ్లూటమేట్ వైపు మొగ్గుతుంది. బయటి మందు హఠాత్తుగా ఆగిందంటే ఆ ఉద్రేకమొక్కటే మిగులుతుంది. వణుకు, భ్రమలు, మూర్ఛ అన్నీ దాని ఫలితాలే. హెరాయిన్ మానేసినప్పుడు మనిషి నరకం చూస్తాడు కానీ దానివల్ల చనిపోవడం అరుదు. మద్యమో ఆల్ప్రాజోలమో ఒక్కసారిగా మానేస్తే ప్రాణం పోవచ్చు. దీనికి వైద్యం తెలియనిదేమీ కాదు, ఖరీదైనదీ కాదు. డాక్టరు పర్యవేక్షణలో మోతాదును మెల్లమెల్లగా తగ్గిస్తూ రావాలి, అంతే. ఆ ఏడాది దాడులకు ముందే మండలాల్లో మంచాలు, మందులు, శిక్షణ పొందిన మనిషి సిద్ధంగా ఉండాల్సింది.

వ్యసనం గురించి గత డెబ్భై ఏళ్ల పరిశోధనంతా తిరిగి తిరిగి ఈ ఒక్క చోటికే వస్తుంది. మత్తు సరఫరాను ఆపే చెయ్యీ, పడిపోతున్న మనిషిని పట్టుకునే చెయ్యీ ఒకే రోజు కదలాలి.

1954లో మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో జేమ్స్ ఓల్డ్స్, పీటర్ మిల్నర్ ఎలుక మెదడులో ఒక ఎలక్ట్రోడ్ పెట్టారు. అది అనుకున్న చోటికి కాకుండా పక్కకు చేరింది. తీరా చూస్తే, ఆ చోట సన్నని విద్యుత్ తగిలించుకోవడం కోసం ఎలుకలు మీటను గంటకు వందలసార్లు నొక్కాయి. దాంతో మెదడులో ఒక సుఖకేంద్రం ఉందనీ, అందులో పనిచేసేది డోపమిన్ అనీ చాలాకాలం నమ్మారు. మిషిగన్ విశ్వవిద్యాలయంలో కెంట్ బెరిడ్జ్, టెర్రీ రాబిన్సన్ ఆ నమ్మకాన్ని కదిలించారు. డోపమిన్ దాదాపు లేకుండా చేసిన ఎలుక నాలుక మీద చక్కెర నీళ్లు వేస్తే అది ఎప్పటిలాగే ఇష్టంగా పెదవులు నాకింది. కానీ తనంతట తాను చక్కెర కోసం అడుగైనా వేయలేదు. ఇష్టపడటం ఒకటి, కావాలని వెంపర్లాడటం మరొకటి. డోపమిన్ పని ఈ రెండోది. 1993లో వాళ్లు ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం వ్యసనంలో ఇష్టం సన్నగిల్లిపోతున్నా వెంపర్లాట మాత్రం పెరుగుతూనే ఉంటుంది. 'తాగితే సుఖమేమీ లేదు సార్, అయినా ఆ టైముకు కాళ్లు అటే పోతాయి' అని చెప్పే రోగిని అబద్ధాలకోరు అనుకోనక్కర్లేదని దీన్నిబట్టి అర్థమవుతుంది.

అయితే మెదడు దగ్గరే ఆగితే సగమే తెలుస్తుంది. 1971లో వియత్నాంలోని అమెరికా సైనికుల్లో హెరాయిన్ వాడకం విపరీతంగా ఉందన్న వార్తలతో వాషింగ్టన్ ఉలిక్కిపడింది. వాళ్లు ఇళ్లకు తిరిగొచ్చాక ఏమవుతారో తెలుసుకోమని ప్రభుత్వం లీ రాబిన్స్ అనే పరిశోధకురాలిని అడిగింది. అక్కడ ఉన్నప్పుడు సుమారు 20 శాతం మంది మత్తుకు బానిసలయ్యారని ఆమె లెక్క తేల్చింది. వాళ్లలో ఇంటికి వచ్చిన మొదటి ఏడాది మళ్లీ ఆ స్థితికి వెళ్లింది 5 శాతం. మూడేళ్లు గడిచినా ఆ సంఖ్య 12 శాతమే. ఆ ఫలితాలను చాలామంది నమ్మలేదు, ఆమె ఏళ్లపాటు సమాధానాలు చెప్పుకోవాల్సి వచ్చింది. ఇళ్లకు చేరినవాళ్లకు యుద్ధం పోయింది, చౌకగా హెరాయిన్ దొరికే వీధి పోయింది, ఇల్లూ పనీ దొరికాయి. 1997లో అలన్ లెష్నర్ వ్యసనాన్ని మెదడు జబ్బుగా చూడాలని రాసిన వ్యాసం ఎంతో మేలు చేసింది. రోగుల్ని నేరస్తులుగా చూసే చూపును అది కొంతైనా మార్చింది. కానీ దాని పక్కన రాబిన్స్ పట్టికల్ని కూడా పెట్టి చదవాలి. మారిన మెదడు మారిన పరిస్థితుల్లో మళ్లీ నేర్చుకోగలదు.

ఇక మందుల సంగతి. న్యూయార్క్‌లో విన్సెంట్ డోల్, మేరీ నిస్వాండర్ హెరాయిన్ రోగులకు రోజూ మెథడోన్ అనే మందు ఇచ్చి చూశారు. 1965లో ప్రచురించిన వాళ్ల మొదటి నివేదికలో ఉన్నది 22 మంది రోగులే. ఆ కొద్దిమందే ఉద్యోగాలకు, చదువులకు, ఇళ్లకు తిరిగి వెళ్లిన తీరు వైద్య రంగాన్ని ఆలోచింపజేసింది. ఒక మత్తుకు బదులు మరో మత్తు ఇస్తున్నారన్న విమర్శ ఆనాడూ ఉంది, ఈనాడూ ఉంది. దానికి జవాబు మరణాల లెక్కలోనే ఉంది. 1.2 లక్షలకు పైగా రోగుల వివరాలను కలిపి 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన విశ్లేషణలో, మెథడోన్ చికిత్సలో ఉన్నప్పటి కంటే అది మానేసిన కాలంలో మరణాల రేటు మూడు రెట్లకు పైగా ఉంది. మెథడోన్, అదే పనికి వాడే బ్యూప్రెనార్ఫిన్ రెండూ 2005 నుంచి ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలో ఉన్నాయి. మన దేశంలో జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ (నాకో) ఆధ్వర్యంలో, మత్తుకు బదులు మందు ఇచ్చే ఓఎస్టీ కేంద్రాల్లో నర్సు ఎదుటే రోగి నాలుక కింద బ్యూప్రెనార్ఫిన్ మాత్ర పెట్టుకుంటాడు, అది కరిగేదాకా కూర్చుంటాడు, తర్వాత పనికి వెళ్లిపోతాడు. బయటి నుంచి చూస్తే అందులో విశేషమేమీ కనిపించదు. సూదితో వచ్చే హెచ్ఐవిని, హెపటైటిస్-సిని ఆపుతున్న పనుల్లో అదొకటి.

చట్టం విషయంలో పోర్చుగల్, ఒరెగాన్ అనుభవాలను కలిపి చదవాలి. 2001 జులైలో పోర్చుగల్, సొంత వాడకానికి పది రోజులకు మించని మత్తుమందు దగ్గర ఉంటే అది నేరం కాదని చట్టం అమల్లోకి తెచ్చింది. అమ్మకం మాత్రం నేరంగానే ఉంది. పట్టుబడిన మనిషి కోర్టుకు కాకుండా ముగ్గురు సభ్యుల కమిషన్ ముందుకు వెళ్తాడు. న్యాయం, ఆరోగ్యం, సామాజిక సేవ తెలిసినవాళ్లు అక్కడ ఉంటారు. ఈ విధానానికి రూపమిచ్చినవారిలో ఒకరైన జువావ్ గులావ్ స్వయంగా ఫ్యామిలీ డాక్టరు. చట్టంతో పాటే చికిత్స కేంద్రాలు, మెథడోన్ వ్యాన్లు, సూదుల మార్పిడి పెరిగాయి. సూదుల వల్ల కొత్తగా హెచ్ఐవి సోకేవాళ్ల సంఖ్య బాగా పడిపోయింది.

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2020 నవంబరులో ఓటు వేసి దాదాపు అదే దారి పట్టింది. పట్టుబడితే వంద డాలర్ల జరిమానా, హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేస్తే అదీ మాఫీ. ఫోన్ చేసినవాళ్లు చాలా కొద్దిమంది. చికిత్సకు కేటాయించిన డబ్బు కేంద్రాలకు చేరడంలో నెలలకు నెలలు ఆలస్యమైంది. సరిగ్గా అదే సమయంలో ఫెంటనిల్ అనే మత్తుమందు ఆ రాష్ట్రాన్ని ముంచెత్తింది. కాబట్టి మరణాలన్నిటినీ చట్టం ఖాతాలో వేయడం న్యాయం కాదు. అయినా జనం విసిగిపోయారు. 2024 సెప్టెంబరు నుంచి మత్తుమందు దగ్గర పెట్టుకోవడం అక్కడ మళ్లీ నేరమైంది. మన దగ్గర దుకాణం మూశారు, మంచం సిద్ధం చేయలేదు. అక్కడ జైలు తలుపు తెరిచారు, ఆసుపత్రి తలుపు తెరవలేదు. దిశలు వేరైనా లోపం ఒక్కటే.

తెలుగు నేలకు ఈ చర్చ కొత్తది కాదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు అక్షరాస్యత తరగతుల్లో కూర్చుని సారా మీద తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో అది సడలింది. ఇంటి సంపాదన సారా కొట్టుకు పోతుంటే, ఒంటి మీద దెబ్బలు తింటూ ఆ తల్లులు లేవనెత్తిన ప్రశ్న ఈనాటికీ న్యాయమైనదే. వాళ్లు ప్రభుత్వాన్ని కదిలించారు. మానాల్సిన మగవాళ్ల వైద్యం మాత్రం ఎన్నికల నినాదం స్థాయికి ఎప్పుడూ రాలేదు. ఆ వెలితి ఇంకా పూడలేదు.

ఎంత వెలితో ఎయిమ్స్ నిపుణులు కేంద్ర సామాజిక న్యాయ శాఖ కోసం చేసి 2019లో వెలువరించిన సర్వేలో ఉంది. ఆ సర్వే నాటికి దేశంలో సుమారు 16 కోట్ల మంది మద్యం తాగుతున్నారు. 5.7 కోట్ల మందికి మద్యం వల్ల వచ్చిన సమస్యలకు సాయం కావాలి. మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్లలో ఏదో ఒక చికిత్స అందింది 38 మందిలో ఒకరికి. ఆసుపత్రిలో చేరి చికిత్స పొందింది 180 మందిలో ఒకరు. ఓపియం, హెరాయిన్ వంటివాటి వల్ల సాయం అవసరమైనవాళ్లు 77 లక్షలు.

ఈ అంకెలు వార్డులో ఎలా కనిపిస్తాయో ఈ హాల్లో ఈరోజు పట్టాలు అందుకుంటున్న డాక్టర్లలో చాలామంది హౌస్ సర్జన్లుగా చూసే ఉంటారు. నలభై ఐదేళ్ల మనిషి బండి మీంచి పడి తొడ ఎముక విరిగి ఆర్థోపెడిక్ వార్డులో చేరతాడు. మొదటి రోజు బాగానే మాట్లాడతాడు. రెండో రోజు చెమటలు, వణుకు. మూడో రాత్రి దుప్పటి మీద లేని పురుగుల్ని ఏరుతుంటాడు, భార్యను గుర్తుపట్టడు, సెలైన్ పీకేసి దిగిపోబోతాడు. చేతులు మంచానికి కట్టేస్తారు. అది తాగుడు ఒక్కసారిగా ఆగితే వచ్చే డెలీరియం ట్రెమెన్స్. చేరిన రోజే 'రోజూ ఎంత తాగుతాడమ్మా, ఆఖరిసారి ఎప్పుడు తాగాడు' అని భార్యను అడిగి ఉంటే అక్కడిదాకా వచ్చేది కాదు. గ్లూకోజ్ ఎక్కించే ముందు థయమిన్, తగిన మోతాదులో డైజిపామో లొరాజిపామో ఇస్తే సరిపోయేది. పదో రోజు కాలికి రాడ్డు వేసి పంపిస్తారు. డిశ్చార్జ్ షీటులో తొడ ఎముక గురించి పది లైన్లుంటాయి, తాగుడు గురించి ఒక్క లైనైనా ఉండదు. ఈ మౌనాన్ని బద్దలు కొట్టడానికి కొత్త బడ్జెట్ అక్కర్లేదు.

కొత్త పరిశోధనల్లో ఆశ పెట్టుకోదగ్గవి ఉన్నాయి. మధుమేహానికి, బరువు తగ్గడానికి వాడే సెమాగ్లూటైడ్‌ను మద్యం సమస్య ఉన్న 48 మంది మీద పరీక్షించారు. తొమ్మిది వారాల్లో తాగాలన్న తపన, తాగిన రోజున తాగే మోతాదు తగ్గాయని 2025లో జామా సైకియాట్రీ ప్రచురించింది. చిన్న అధ్యయనం ఇది. దీన్నే మందుగా రాసే రోజు ఇంకా రాలేదు. కొకైన్, మెథాంఫెటమిన్ వ్యసనాలకు అమెరికా ఎఫ్‌డీఏ ఆమోదించిన మందు ఇప్పటికీ లేదు. వాటికి బాగా పనిచేస్తున్న పద్ధతి మూత్రపరీక్షలో మత్తు లేదని తేలిన ప్రతిసారీ చిన్న బహుమతి ఇవ్వడం. జూదాన్ని కూడా అమెరికా మనోవైద్యులు 2013లో వ్యసనాల వర్గంలో చేర్చారు. ఆన్‌లైన్ రమ్మీని తెలంగాణ 2017లో, ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించాయి. ఆ ఆటల్లో అప్పుల పాలైన కుర్రాడికి వైద్యం ఎక్కడన్న ప్రశ్న అక్కడా మిగిలే ఉంది.

వైద్యం దొరకకపోవడానికి తోడు, డీ-అడిక్షన్ సెంటర్ల పేరుతో కొన్నిచోట్ల బంధించడం, కొట్టడం సాగుతున్నాయి. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుమందుల వల్ల వచ్చే మానసిక స్థితుల్ని కూడా మానసిక అనారోగ్యం నిర్వచనంలోకి తెచ్చింది. అంటే ఆ రోగికీ గౌరవంగా చికిత్స పొందే హక్కు ఉంది, గొలుసులు వేయడం చట్టవిరుద్ధం. కొడుకును ఎలాగైనా మాన్పించాలన్న ఆత్రంలో తల్లిదండ్రులు ఈ తేడా గమనించలేరు. చెప్పాల్సింది చదువుకున్నవాళ్లే.

పట్టాలు అందుకుంటున్న న్యాయవాదులు గుర్తుంచుకోవాల్సిన సెక్షన్ ఒకటి ఉంది. మత్తుమందుల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోని 64ఏ ప్రకారం, మత్తు వాడినందుకో స్వల్ప పరిమాణం దొరికినందుకో కేసు పడిన వ్యసనపరుడు తనంతట తాను ప్రభుత్వం నడిపే లేదా గుర్తించిన ఆసుపత్రిలో చికిత్సకు చేరితే అతణ్ని ప్రాసిక్యూట్ చేయకూడదు. గంజాయికి స్వల్ప పరిమాణం అంటే ఒక కిలో వరకు, హెరాయిన్‌కు ఐదు గ్రాములు. చికిత్స పూర్తి చేయకపోతే ఆ రక్షణ వెనక్కి తీసుకోవచ్చు. హాస్టల్లో గంజాయితో దొరికిన కుర్రాడి తరఫున ఈ సెక్షన్ ఎత్తి చూపాలంటే లాయరుకు ఆసుపత్రి సర్టిఫికెట్ కావాలి. ఆ సర్టిఫికెట్ ఇవ్వాలంటే డాక్టరుకు ఈ సెక్షన్ తెలిసి ఉండాలి. ఈ సాయంత్రం ఫొటోలు దిగడం అయ్యాక, ఈ హాల్లోని డాక్టర్లూ లాయర్లూ ఒకరి ఫోన్ నెంబరు ఒకరు తీసుకోవాలి. జాతీయ మత్తు విముక్తి హెల్ప్‌లైన్ 14446ను కూడా ఆ నెంబర్ల పక్కనే సేవ్ చేసుకోవాలి.