నల్ల రొట్టె

మన కుటుంబ సమ్మేళనంలో రష్యా వంటల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. నేను అక్కడున్నది పద్దెనిమిది రోజులే. తిన్నంత మేరకే చెబుతాను.

మా అమ్మాయి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో డాక్టరు చదువు చదివేది. 2018 అక్టోబరులో చూడ్డానికి వెళ్లాను. ఎల్‌ఎఫ్‌సీ మీద కాదు లెండి, సొంత ఖర్చే! పిల్ల ఏం తింటోందోనని కందిపొడి, గోంగూర పచ్చడి మోసుకెళ్లాను. దాని స్నేహితురాలి బామ్మగారు మమ్మల్ని భోజనానికి పిలిచారు.

ముందు ష్చీ వడ్డించారు. అంటే క్యాబేజీ సూపు. నెలల తరబడి మంచు కురిసే చోటు కదా, చలి ముదరకముందే క్యాబేజీ సన్నగా తరిగి, ఉప్పేసి నలిపి, పైన బరువు పెట్టి ఊరబెడతారు. కారం, నూనె ఉండవు. దాని నీటిలోనే అది పులుస్తుంది. ష్చీలో మామూలుగా మాంసం వేస్తారు. మేం తినమని తెలిసి ఆవిడ వాళ్ల ఉపవాసాల పద్ధతిలో ఎండు పుట్టగొడుగులతో కాచారు. పైన సోయకూర, చెంచాడు స్మెతానా, అంటే పులిసిన మీగడ. తర్వాత గ్రేచ్కా కాషా. ఉత్తరాదివాళ్లు ఉపవాసాలకు వాడే కుట్టు ఇదే. వేయించిన గింజలు గ్లాసుడైతే రెండు గ్లాసుల నీళ్లు, ఉప్పు, దించాక వెన్న. అంతే. ‘ష్చీ, కాషా మన తిండి’ అని వాళ్ల సామెత. నేను మారు వడ్డించుకున్నాను.

నచ్చనిది రొట్టె ఒక్కటే. రై పిండి పులియబెట్టి కాల్చినది, నల్లగా, బరువుగా, పుల్లగా ఉంది. సగం ముక్క పళ్లెంలో వదిలేశాను. ఆవిడ ఏమీ అనలేదు. ఆ ముక్క తీసి గుడ్డలో చుట్టి దాచారు.

బయటికొచ్చాక అమ్మాయి కోప్పడింది. ఆ ఊరు లెనిన్‌గ్రాడ్‌గా ఉన్నప్పుడు 1941 సెప్టెంబరు నుంచి 1944 జనవరి దాకా జర్మన్ సేనల ముట్టడిలో ఉంది. 1941 నవంబరు 20 నుంచి నెల రోజులకు పైగా పిల్లలకు రోజుకు 125 గ్రాముల రొట్టే ఇచ్చారు. అందులోనూ నూనె తీసిన గింజల పిప్పి, కలప నుంచి తీసిన సెల్యులోజ్ కలిపేవారు. అప్పుడు బామ్మగారికి ఆరేళ్లు. ఆ ఊళ్లోనే ఉన్నారు.

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

తిరుగు ప్రయాణానికి ముందురోజు క్షమించమని అడగడానికి వెళ్లాను. నాకు రష్యన్ రాదు, ఆవిడకు తెలుగు రాదు. చేతులు జోడించాను. ఆవిడ నా చేతికి ఒక గ్లాసిచ్చారు. క్వాస్. ఎండిన నల్ల రొట్టె ముక్కలు వేడినీళ్లలో నానేసి, వడగట్టి, కాస్త చక్కెర, ఈస్టు వేసి పులియబెడతారట. మా అమ్మమ్మ కుండలోని తరవాణి గుర్తొచ్చింది. నా సగం ముక్క కూడా ఇందులో ఉందా అని అమ్మాయి చేత అడిగించాను. ఆవిడ నవ్వి, గ్లాసు మళ్లీ నింపారు.