పాత విద్యార్థులు, కొత్త విద్యార్థులు

కళాశాలలో చివరి సంవత్సరం ముగిసేనాడు తరగతి వారందరూ కలిసి ఛాయాచిత్రం తీయించుకోవడం మనకు ఆనవాయితీ. ముందు వరుసలో కుర్చీలమీద అధ్యాపకులు, వారి వెనుక నిలిచినవారు, అందరికంటె వెనుక బల్లలెక్కినవారు. ఆ చిత్రం కొన్నాళ్ళు ఇంటి గోడమీద ఉంటుంది. తరువాత పెట్టెలోకి చేరుతుంది. ఏ పాతికేళ్ళకో దానిని బయటకు తీసి, 'వీడు ఫలానా, ఆవిడ ఫలానా' అని పిల్లలకు చూపుతూ ఒక ముఖం దగ్గర ఆగిపోతాము. పేరు జ్ఞాపకం రాదు. కళాశాలతో మన సంబంధం కూడా చాలామందికి ఇట్లాగే సన్నగిల్లిపోతుంది. ఉద్యోగం, సంసారం, బదిలీలు, పిల్లల చదువులు మనిషిని ముందుకు ఈడ్చుకొనిపోతవి. అందుకు ఎవరినీ తప్పుపట్టవలసిన పని లేదు.

అయితే ఆ ఛాయాచిత్రంలో కనిపించని వ్యక్తి ఒకరు ఉన్నారు. మనం లేచివచ్చిన బల్లమీద ఆ మరుసటి జూన్ నెలలో వచ్చి కూర్చున్న విద్యార్థి. మనకు అతడు తెలియదు, అతనికి మనం తెలియము. మన పేరు చెక్కిన బల్లమీదనే అతడు తన పేరు కూడా చెక్కి ఉంటాడు. పూర్వ విద్యార్థుల సంఘాలను గురించి మాట్లాడేటప్పుడు మొదట జ్ఞప్తికి రావలసినవాడు అతడేనని నా అభిప్రాయం.

మనిషి పుట్టుకతోనే మూడు ఋణాలతో పుడతాడని మన పెద్దలు చెప్పారు. దేవఋణం, పితృఋణం, ఋషిఋణం. ఈ మూడవదానిలో ఒక విశేషం ఉన్నది. లోకంలో అప్పు ఎవరి వద్ద తీసుకొంటామో వారికే తిరిగి చెల్లిస్తాము. విద్య విషయంలో అది సాధ్యం కాదు. మనకు చదువు చెప్పిన గురువుకు మనం తిరిగి ఏమి చదువు చెప్పగలము? అందుచేత ఆ ఋణాన్ని మన తరువాత వచ్చేవారికి చెల్లించవలసి ఉంటుంది. తైత్తిరీయోపనిషత్తులోని శిక్షావల్లిలో, చదువు ముగించుకొని ఇంటికి వెళ్ళే శిష్యునికి గురువు చేసే ఉపదేశం ఉన్నది. చదవడంతోపాటు చదువు చెప్పడం కూడా మానరాదని అందులో హెచ్చరిక. ఇచ్చేది ఏదైనా శ్రద్ధతో, వినయంతో ఇవ్వాలని కూడా ఆ గురువు చెప్పాడు. పూర్వ విద్యార్థుల సంఘాలకు ఇంతకంటె వేరే నియమావళి అవసరం లేదనిపిస్తుంది.

విద్యార్థిని ఆదుకోవడం మన సీమలకు కొత్త విషయం కాదు. వారాలు చేసుకొని చదువుకొన్నవారి కథలు మన పెద్దల నోట ఎన్నో విన్నాము. సోమవారం ఒకరింట భోజనం, మంగళవారం మరొకరింట. అన్నం పెట్టిన ఆ ఏడు ఇళ్ళవారికీ ఆ కుర్రవాడు చుట్టం కానక్కరలేదు. టంగుటూరి ప్రకాశం పంతులుగారి బాల్యం పేదరికంలో గడిచినది. ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారనే గురువు ఆయనను చేరదీసి, తనతో రాజమండ్రికి తీసుకొనివెళ్ళి చదువు సాగేటట్లు చూశారు. ఆ విద్యార్థి 1953లో ఆంధ్ర రాష్ట్రానికి మొదటి ముఖ్యమంత్రి అయినారు. హైదరాబాదులో 1918లో రాజా బహదూర్ వెంకటరామారెడ్డిగారి పూనికతో వెలసిన రెడ్డి హాస్టలు, పల్లెలనుంచి నగరానికి చదువుకు వచ్చిన తెలుగు విద్యార్థులకు నీడనిచ్చినది. సురవరం ప్రతాపరెడ్డిగారివంటి పండితుడు ఆ విద్యార్థుల మంచిచెడ్డలు చూసేవారు. వీటికి సంఘమనే పేరు ఉన్నా లేకపోయినా, ముందు నడిచినవారు వెనుక వచ్చేవారికి చేయి అందించడమే వీటన్నిటిలోని సారం.

ఇక పూర్వ విద్యార్థుల సంఘమనే ఏర్పాటు ఎట్లా పుట్టినదో చూస్తే ఆశ్చర్యం కలుగుతుంది. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో 1793లో విలియమ్స్ కళాశాల అనే విద్యాలయం ఏర్పడినది. 1821లో ఆ కళాశాల అధ్యక్షుడే కొందరు విద్యార్థులను వెంటబెట్టుకొని ఆమ్హర్స్ట్ అనే మరొక ఊరికి తరలిపోయి అక్కడ వేరే కళాశాలకు ఆధిపత్యం వహించాడు. మిగిలిన విద్యార్థులు కొద్దిమంది. కళాశాల మూతపడుతుందేమోననే భయం కలిగినది. అప్పుడు అక్కడ చదివి వెళ్ళినవారు కూడి తమ కళాశాలను నిలబెట్టుకోవాలని ఒక సంఘం స్థాపించారు. ఇటువంటి సంఘాలలో అదే అతి ప్రాచీనమైనదని చెబుతారు. ఆ కళాశాల నేటికీ నడుస్తున్నది. అంటే పూర్వ విద్యార్థుల సంఘం మొదట పుట్టినది విందుకోసం కాదు. తమ తరువాత వచ్చేవారికి బడి లేకుండా పోతుందేమోననే ఆందోళనతో.

ఇక్కడ నా స్వానుభవం ఒకటి మనవి చేయాలి. నేను పట్టం పుచ్చుకొని ఇరవై యేండ్లు దాటినవి. కొన్నేళ్ళ క్రితం మా కళాశాలలో పూర్వ విద్యార్థుల సమావేశం జరిగినది. పందిరి వేశారు, తోరణాలు కట్టారు. పొద్దున పది గంటలకు మొదలుపెట్టి సాయంత్రం దాకా మేమే మాట్లాడుకొన్నాము. ఎవరు ఏ హోదాలో ఉన్నారో, ఎవరి పిల్లలు ఏ దేశంలో ఉన్నారో చెప్పుకొన్నాము. శాలువలు కప్పుకొన్నాము. ఆనాడు అక్కడ చదువుతున్న విద్యార్థులు ఏమి చేస్తున్నారు? కుర్చీలు మోస్తున్నారు, మజ్జిగ అందిస్తున్నారు, పందిరి బయట ఎండలో నిలబడి మా ఉపన్యాసాలు వింటున్నారు. వారిలో ఒకరితోనైనా ఐదు నిమిషాలు మాట్లాడాలని మాలో ఎవరికీ తోచలేదు.

నేను తిరిగి వస్తూ ఉండగా ఒక కుర్రవాడు నా వెంట గేటుదాకా వచ్చాడు. "సార్, రేడియోలో చేరాలంటే ఏమి చేయాలండీ?" అని అడిగాడు. "ఉత్తరం వ్రాయి నాయనా, అన్నీ వివరంగా చెబుతాను" అని చిరునామా ఇచ్చాను. వారం తిరగకుండా ఉత్తరం వచ్చినది. తాను చదివిన పుస్తకాల పేర్లు, నాటకాలలో వేసిన వేషాలు, తన ఊరిపేరు అన్నీ ముత్యాలవంటి అక్షరాలతో వ్రాశాడు. చదివి సంతోషించి, తీరికగా జవాబు వ్రాద్దామని బల్ల సొరుగులో పెట్టాను. ఆ తీరిక నాకు ఎనిమిది నెలలకు గాని దొరకలేదు. ఈలోగా వ్యాఖ్యాతల ఎంపికకోసం స్వరపరీక్ష ప్రకటన వెలువడినది, గడువు కూడా దాటిపోయినది. నాకు ఖర్చు ఏమయ్యేది? ఒక కార్డు, పది నిమిషాల కాలం. ఆనాడు నేను కప్పుకొన్న శాలువను చూసినప్పుడల్లా ఆ ఉత్తరమే గుర్తుకు వస్తుంది.

నావంటి వారి సంగతి ఇట్లా ఉంటే, ఈ పనిని చక్కగా నిర్వహించినవారు కూడా ఉన్నారు. గుంటూరు వైద్య కళాశాల 1946లో ప్రారంభమైనది. అక్కడ చదివి అమెరికాలో స్థిరపడిన వైద్యులు సంఘంగా ఏర్పడి, ఆ కళాశాలకు అనుబంధమైన ప్రభుత్వ ఆసుపత్రిలో కొత్త విభాగాల నిర్మాణానికి విరాళాలు సమకూర్చారు. ఇందులోని ఔచిత్యం గమనించండి. అక్కడి మంచంమీద పడుకొనేవాడు ఏ పల్లెనుంచో వచ్చిన పేద రోగి. ఆ మంచం ప్రక్కన నిలబడి వైద్యం నేర్చుకొనేవాడు నేటి విద్యార్థి. ఆ మంచం అక్కడ ఉండేటట్లు చేసినవాడు నిన్నటి విద్యార్థి. ఒక్క దానంలో ముగ్గురూ కలుసుకొన్నారు. విశాఖపట్నంలో 1923లో మొదలై, 1940లో ఆంధ్ర వైద్య కళాశాల అనే పేరు పొందిన విద్యాలయం 2023లో నూరేండ్ల పండుగ జరుపుకొన్నది. నూరేండ్లపాటు ఒక తరంవారు మరొక తరంవారి చేతికి పనిని అప్పగిస్తూ వచ్చారు గనుకనే అటువంటి పండుగకు అర్థం ఏర్పడుతుంది.

ధనం ఇవ్వగలవారి మాట సరే. ఇవ్వలేనివారి మాట ఏమిటని కొందరు అడగవచ్చు. కలిసి చేసిన సేవవంటి బంధం మరొకటి లేదు. గాంధీజీ శతజయంతి సంవత్సరంలో, 1969 సెప్టెంబరు 24వ తేదీన, 37 విశ్వవిద్యాలయాలలో 40 వేలమంది విద్యార్థులతో జాతీయ సేవా పథకం ప్రారంభమైనది. నాటినుంచి ఎందరో విద్యార్థులు పల్లెలలో శిబిరాలు వేసి, రోడ్లు బాగుచేశారు, మొక్కలు నాటారు. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచివేసినప్పుడు వేలాది ప్రాణాలు పోయినవి. సహాయానికి తరలివెళ్ళినవారిలో విద్యార్థులు కూడా ఉన్నారు. అట్లా వెళ్ళిన ఒక పెద్దమనిషితో ఒకమారు మాట్లాడే అవకాశం కలిగినది. తరగతిలో తనకు వచ్చిన స్థానం ఏదో ఆయనకు జ్ఞాపకం లేదు. కాని ఆ బురదలో తనతో కలిసి పనిచేసిన నలుగురి పేర్లూ, వారి ఊళ్ళూ తడుముకోకుండా చెప్పారు. అటువంటి పెద్దలు నేటి విద్యార్థుల శిబిరానికి ఒక్కపూట వెళ్ళి కూర్చుంటే చాలు. వైద్యుడైనవాడు రోగులను చూడవచ్చు. న్యాయవాది అయినవాడు పొలం కాగితాల చిక్కులు విప్పి చెప్పవచ్చు. వ్యవసాయం చేసేవాడు నేలను గురించి చెప్పవచ్చు. విద్యార్థి ప్రక్కన ఉండి చూస్తాడు, చూసి నేర్చుకొంటాడు.

కళాశాలల యోగ్యతను మదింపుచేసే జాతీయ మండలి, అంటే 1994లో ఏర్పడిన న్యాక్ సంస్థ, తన పరిశీలనాంశాలలో పూర్వ విద్యార్థుల సహకారాన్ని కూడా చేర్చినది. మంచిదే. కాని పరిశీలకులు వచ్చే ముందు సంఘాన్ని రిజిస్టరు చేసి, వారు వెళ్ళగానే ఆ పుస్తకాన్ని బీరువాలో పెట్టి తాళం వేస్తే ప్రయోజనం లేదు. అదే విధంగా, చేతిఫోనులలో ప్రతి ఉదయం శుభాకాంక్షలు పంపుకొన్నంత మాత్రాన సంబంధం నిలిచినట్లు కాదు. పనిలేని సంబంధం పలకరింపుతోనే ఆగిపోతుంది.

కనుక ఆచరణకు అనువైన రెండు మూడు మాటలు చెబుతాను. సంక్రాంతికి అందరూ సొంత ఊళ్ళకు చేరుతారు గనుక మనవైపు చాలా సమావేశాలు ఆ రోజులలోనే జరుగుతవి. ఆనాటి కార్యక్రమంలో సగం కాలం విద్యార్థులకు కేటాయించండి. ఉపన్యాసాలు వద్దు. ఒక్కొక్క చెట్టుక్రింద ఒక్కొక్క వృత్తివారు కూర్చుంటే, విద్యార్థులు తమకు నచ్చిన చోటికి వెళ్ళి ప్రశ్నలు అడుగుతారు. సెలవులకు విద్యార్థులు ఇళ్ళకు వెళ్ళి ఉంటారు కాబట్టి తేదీని వారితో సంప్రదించి ముందే నిర్ణయించండి.

రెండవది నిధి. ఒక తరగతిలో నలభైమంది తలకు 5 వేల రూపాయలు వేసుకొంటే 2 లక్షలు అవుతుంది. అసలును ముట్టకుండా బ్యాంకులో ఉంచితే, వడ్డీ నూటికి 6 చొప్పున లెక్కవేసినా ఏటా 12 వేలు వస్తుంది. ఇది పెద్ద మొత్తం కాదు. అయినా పరీక్ష రుసుము కట్టలేకనో, బస్సు పాసుకు డబ్బు లేకనో చదువు మానుకొనే స్థితిలో ఉన్న ఒకరిద్దరిని నిలబెట్టడానికి చాలుతుంది. పుచ్చుకొనేవారి పేరు సభలో చదవవద్దు. దానం వినయంతో చేయాలన్న మాటకు అర్థం అదే.

మూడవది, ఈ బంధంలో విద్యార్థులు కేవలం పుచ్చుకొనేవారు కారు. ముసలితనంవల్ల ఇల్లు కదలలేని పాత విద్యార్థులు, పదవీవిరమణ చేసిన అధ్యాపకులు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. నెలకు ఒకమారు ఇద్దరు విద్యార్థులు వారి ఇంటికి వెళ్ళి, వారు చెప్పే ముచ్చట్లను రికార్డుచేసి కళాశాల గ్రంథాలయంలో భద్రపరిస్తే, ఆ ఊరి చరిత్రే నిలిచిపోతుంది. స్వరాన్ని భద్రపరచడం విలువైన పని అని రేడియోలో పనిచేసేవాడిగా నాకు తెలుసు. మనిషి పోయిన తరువాత ఆ గొంతు వినాలని మనసు ఎంత తపిస్తుందో కూడా తెలుసు.

చివరకు ఆ కుర్రవాడి ఉత్తరం సంగతి. ఎనిమిది నెలల తరువాత సిగ్గుపడుతూనే జవాబు వ్రాశాను. నా ఆలస్యాన్ని మన్నించమన్నాను. రాబోయే ఏడు స్వరపరీక్షకు ఎట్లా సిద్ధం కావాలో వివరించాను. నాలుగు రోజులలో అతనినుంచి కార్డు వచ్చినది. ఇంటి పరిస్థితులవల్ల ఒక దుకాణంలో లెక్కలు వ్రాసే పనికి కుదిరాడట. ఇక రేడియో ఆలోచన విరమించుకొన్నాడట. నన్ను ఒక్కమాట కూడా నిష్ఠూరమాడలేదు. కార్డు చివర మాత్రం ఇట్లా వ్రాశాడు: 'మా తరువాతి తరగతిలో ఒక అమ్మాయి ఉన్నది. ఆమె గొంతు నాకంటె బాగుంటుంది. మీ ఉత్తరం ఆమెకు ఇచ్చాను. ఆమె మీకు వ్రాయవచ్చునాండీ?'

నేను ఇరవై ఏళ్ళలో చేయని పనిని అతడు కళాశాల విడిచిన మొదటి సంవత్సరంలోనే చేశాడు. ఆ అమ్మాయి ఉత్తరానికి మాత్రం అందిన రోజునే జవాబు వ్రాశాను.