నది అడుగు ఎవరిది?

అలాస్కా 1959 జనవరి 3న అమెరికాలో రాష్ట్రమైంది. ఆనాటికి పడవ నడవగలిగిన నదులు, సరస్సుల అడుగునేల మామూలుగా రాష్ట్రానిదే. పడవ నడవలేని చోటైతే చాలావరకు ఒడ్డు ఎవరిదో అడుగూ వాళ్లదే. మరి రోడ్డే లేని అలాస్కా మారుమూలల్లో, ఆనాటికి పడవ నడవగలిగేదని రుజువెలా? ఇలాంటి వివాదాలు చూసే కార్యాలయాల్లో ఇంటర్న్‌గా చేరే కుర్రాళ్లకు ఆ రుజువులు వెతకడమే పని. బంగారం వెతుక్కుంటూ వెళ్లినవాళ్ల డైరీలు, భూగర్భ సర్వే నివేదికలు, పాత ఫొటోలు తిరగేయాలి. పడవ ఏ రకం, సరుకెంత, ఎక్కడ దిగి తాడుతో లాగారు... ఇలాంటి ముక్క ఒకటి దొరికితే పండగే! నిజానికి పడవ నడిచి తీరాలనేమీ లేదు, నడవగలిగేదని తేలినా చాలు. అలాస్కాలోని గుల్కానా నది అడుగు ఎవరిదన్న వివాదంలో 1989లో అప్పీలు కోర్టు, టూరిస్టులను చేపలవేటకు తీసుకెళ్లే పడవల వ్యాపారాన్ని కూడా రుజువుగా లెక్కలోకి తీసుకుంది.