ప్రాడో చిత్రాల మూడు ప్రయాణాలు

మాడ్రిడ్‌లోని ప్రాడో మ్యూజియం 1819 నవంబరులో ప్రజలకు తెరుచుకుంది. స్పెయిన్ రాజులు తరతరాలుగా కొన్నవీ, గీయించుకున్నవీ, కానుకగా పొందినవీ అయిన చిత్రాలే దాని మూలధనం. వెలాస్క్వెజ్, గోయాల కృషిని అర్థం చేసుకోవాలంటే నేటికీ అక్కడికే వెళ్లాలి. టిషియన్, రూబెన్స్, బాష్‌ల విషయంలోనూ ఆ మాట చాలావరకు నిజమే. 1868 విప్లవంతో రాజవంశపు ఆస్తి జాతి ఆస్తి అయింది. ఈ పూర్వకథ ఏ కళాచరిత్రలోనైనా దొరుకుతుంది కనుక ఇక్కడ వివరించనక్కర లేదు. 1936 జులైలో సైనిక తిరుగుబాటుతో మొదలై 1939 వసంతంలో ముగిసిన అంతర్యుద్ధంలో ఆ చిత్రాలు ఎక్కడెక్కడికి వెళ్లాయి, ఎలా తిరిగి వచ్చాయి, ఆ ప్రయాణాల మంచిచెడ్డలను చరిత్రకారులు ఏ తూకంతో తూచారు అన్నదే ఈ ఉపన్యాసానికి విషయం.

ఈ స్మారకోపన్యాసం ఏ గ్రంథాలయాధికారి పేరిట ఏర్పడిందో ఆయన చిత్రకళ మీద ఏమీ రాసినవారు కారు. ఆయన పదవులు, సేవలు ఆహ్వానపత్రికలో ఉన్నాయి. అందులో లేనిది ఆయన అలవాటు ఒకటి. ఎరువు వెళ్లిన పుస్తకం తిరిగి చేతికి రాగానే పుటలన్నీ తిప్పి చూసేవారు. కొత్త మరక గానీ చిరుగు గానీ వదులైన కుట్టు గానీ కనిపిస్తే లోపలి అట్ట మీద పెన్సిలుతో తేదీ వేసి రాసేవారు. పుస్తకానికి ఏ దెబ్బ ఎవరి దగ్గర ఉండగా తగిలిందో ఆ అట్ట చూస్తే తెలిసిపోయేది. ఉపన్యాసకర్త ఈ గౌరవాన్ని స్వీకరించింది ఆ పెన్సిలు రాతల మీది గౌరవంతోనే.

యుద్ధం మొదలైన కొద్ది రోజులకే, జులై నెలలోనే, రిపబ్లిక్ ప్రభుత్వం కళాసంపద రక్షణకు ఒక సంఘాన్ని నియమించింది. ఆగస్టు చివర ప్రాడో మూతపడింది. ముఖ్యమైన చిత్రాలను పై అంతస్తు నుంచి కిందికి దించి ఇసుక బస్తాలు పేర్చారు. సెప్టెంబరులో ప్రభుత్వం పికాసోను సంచాలకుడిగా ప్రకటించింది. ఆయన పారిస్ విడిచి రాలేదు. మ్యూజియం భారమంతా ఉపసంచాలకుడు సాంచెజ్ కాంటోన్ మోశాడు. నవంబరు మొదటి వారంలో తిరుగుబాటు పక్షపు ఫ్రాంకో సేనలు మాడ్రిడ్ పొలిమేరలకు చేరాయి, ప్రభుత్వం వాలెన్సియాకు తరలిపోయింది, అదే వారంలో చిత్రాలను కూడా వాలెన్సియాకు పంపాలని ఉత్తర్వు వెలువడింది. నవంబరు 16 రాత్రి ప్రాడో పైకప్పు మీద నిప్పుబాంబులు పడ్డాయి. మరునాడు ఆల్బా ప్రభువు లీరియా భవనం బాంబులకు కాలిపోయింది.

చిత్రాలు 1938 మార్చి దాకా వాలెన్సియాలో, ఆ తరువాత కాటలోనియా కోటల్లో, గనిలో ఉన్నాయి. 1939 ఫిబ్రవరిలో సరిహద్దు దాటి జెనీవా చేరి నానాజాతి సమితి భవనంలో విశ్రమించాయి. ఆ వేసవిలో జెనీవాలోనే వాటిని ప్రదర్శించగా మూడు లక్షల మందికి పైగా చూశారు. సెప్టెంబరులో, ఐరోపా మళ్లీ యుద్ధంలో దిగిన మొదటి రోజుల్లో, రైలు ఫ్రాన్స్ మీదుగా మాడ్రిడ్‌కు తిరిగి వచ్చింది. స్థూలంగా జరిగింది ఇది. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు.

అసలు పేచీ తరలించడం సబబా కాదా అన్న చోట ఉంది. యుద్ధం ముగిసిన నాటి నుంచీ రెండు పక్షాలున్నాయి. ఫ్రాంకో పాలన కాలపు రచయితలు దీన్ని దుస్సాహసమన్నారు. ప్రాడో భవనం చివరిదాకా నిలిచే ఉంది గనుక, చిత్రాలను నేలమాళిగలో ఉంచి కాపాడవలసిందన్నారు. ప్రభుత్వం వాటిని తన వెంట బందీలుగా ఈడ్చుకు వెళ్లిందని కూడా ఆరోపించారు. రిపబ్లిక్ పక్షం వారు దీన్ని మహారక్షణ అన్నారు. లలితకళల శాఖాధిపతిగా తరలింపును నడిపిన హోసే రెనౌ 1937లోనే అంతర్జాతీయ మ్యూజియాల పత్రిక ‘మూజియోన్’లో తమ పద్ధతులను వివరించాడు. 1980లో ఒక పుస్తకమే ప్రకటించాడు. చరిత్రకారులు ఆల్వారెజ్ లోపేరా 1982లో, ఆర్తురో కొలొరాదో 1991లో పత్రాలు వెలికితీసి పాత ఆరోపణల్లో చాలావాటిని నేలమట్టం చేశారు. 2003లో ప్రాడోయే ఈ రక్షణ మీద ప్రదర్శన పెట్టింది. దానితో వాదం రిపబ్లిక్ పక్షాన తేలిపోయినట్టే చాలామంది భావిస్తున్నారు.

ఉపన్యాసకర్త అభ్యంతరం ఇక్కడే. రెండు పక్షాలూ మూడు వేర్వేరు ప్రయాణాలను కలిపి ఒకే ముడి వేశాయి. మాడ్రిడ్ నుంచి వాలెన్సియాకు, వాలెన్సియా నుంచి కాటలోనియాకు, కాటలోనియా నుంచి జెనీవాకు జరిగిన ప్రయాణాలకు కారణాలు వేరు, మోసిన చేతులు వేరు, కలిగిన నష్టాలు వేరు. రెండో ప్రయాణంలో తగిలిన దెబ్బను చూపి మొదటి ప్రయాణాన్ని నిందించడం ఎంత తప్పో, మూడో ప్రయాణపు విజయాన్ని చూపి రెండోదాన్ని సమర్థించడం అంతే తప్పు.

మొదటి ప్రయాణంతో మొదలుపెట్టాలి. భవనం కూలలేదు గనుక తరలింపు అనవసరమన్న వాదం జరిగిపోయినదాన్ని చూసి చెప్పేది. 1936 నవంబరులో నిర్ణయం చేసినవారి కళ్ల ముందు ఉన్నది కాలుతున్న నగరం. నేలమాళిగ మాట కూడా నిలవదు. అందుకు సాక్ష్యం మాడ్రిడ్‌లోనే ఉంది. ఇల్యెస్కాస్ పట్టణపు ధర్మశాల నుంచి తెచ్చిన ఎల్ గ్రెకో చిత్రాలను బ్యాంక్ ఆఫ్ స్పెయిన్ నేలమాళిగలో భద్రపరిచారు. బాంబు వాటిని తాకలేదు. తేమ తాకింది. బయటికి తీసేసరికి బూజు పట్టి ఉన్నాయి. ప్రాడో పనివారు ఎంతో శ్రమపడి వాటిని బాగుచేయవలసి వచ్చింది. పాత చిత్రానికి బాంబు ఎంత శత్రువో చెమ్మ అంత శత్రువు. నేలమాళిగే క్షేమమని రాసినవారు ఈ ఉదంతాన్ని ఎందుకు దాటవేశారో వారే చెప్పాలి.

మొదటి ప్రయాణంలో లోపాలు లేకపోలేదు. తొలి వారాల్లో హడావిడి ఎక్కువ, సరైన పెట్టెలు తక్కువ. మ్యూజియం అధికారులు అప్పుడే అభ్యంతరం చెప్పారు, ఆ అభ్యంతరం న్యాయమైనదే. డిసెంబరులో వెలాస్క్వెజ్ ‘లాస్ మెనీనాస్’, టిషియన్ గీసిన గుర్రపు స్వారీలోని ఐదో చార్లెస్ చిత్రం బయలుదేరాయి. రెండూ మూడేసి మీటర్ల పైచిలుకు ఎత్తు. అర్గాందా వంతెన మీది ఇనుప కమ్మీల కింద లారీ దూరలేదు. చిత్రాలను కిందికి దించి మనుషులే వంతెన దాటించారు. ఆ ప్రయాణానికి బాధ్యత వహించిన రచయిత్రి మరియా తెరెసా లెయోన్ 1944లో దీన్ని గ్రంథస్థం చేసింది. అప్పటి నుంచి ఈ ఘట్టం రెండు పక్షాలకూ ఆయుధమైంది. ఒకరికి అది సాహసం, మరొకరికి నిర్లక్ష్యం. ఆ వంతెన మీద ఆ రెండు చిత్రాలకూ గాయమేమీ కాలేదన్నదే అక్కడ లెక్కకు రావలసిన సంగతి. ఆ తరువాత మాడ్రిడ్‌లో వడ్రంగులు కొలతకు తగ్గ పెట్టెలు చేశారు. చెమ్మ చొరని కాగితం చుట్టారు. లారీలను నెమ్మదిగా నడిపించారు. రచయితల పేర్లు అందరికీ తెలుసు, ఆ వడ్రంగుల పేర్లు ఏ పుస్తకపు అట్ట మీదా లేవు. చిత్రాలు క్షేమంగా చేరింది మాత్రం వారి పనితనం వల్లే.

వాలెన్సియాలో చిత్రాలను ఉంచిన చోటు కూడా పరిశీలించదగింది. పధ్నాలుగో శతాబ్దపు సెర్రానోస్ కోటద్వారపు బురుజులను వాస్తుశిల్పి హోసే లీనో వామోందె చిత్రాల కోసం సిద్ధం చేశాడు. లోపల 90 సెంటీమీటర్ల మందాన కాంక్రీటు కప్పు పోయించాడు. బాంబు అదురును మింగడానికి దాని మీద ఊక పరిపించాడు. ఆ పైన మట్టి. వాలెన్సియా వరి పండే సీమ కనుక ఊకకు కొదవ లేదు. గాలిలో తేమ అదుపు తప్పకుండా ఏర్పాట్లు చేశాడు. 1937 ఆగస్టులో బ్రిటిష్ మ్యూజియం మాజీ సంచాలకుడు ఫ్రెడరిక్ కెన్యన్, లండన్ వాలేస్ కలెక్షన్‌కు చెందిన జేమ్స్ మాన్ వచ్చి చూసి సంతృప్తి వెలిబుచ్చారు. రిపబ్లిక్ అంటే ప్రత్యేక మమకారం ఉన్నవారు కారు వారు. ఈ దశ వరకు తరలింపును తప్పుపట్టడానికి ఆధారం లేదు.

రెండో ప్రయాణం సంగతి వేరు. 1938 వసంతంలో ఫ్రాంకో సేనలు మధ్యధరా తీరం వైపు తోసుకొచ్చాయి. రిపబ్లిక్ భూభాగం రెండు ముక్కలయ్యే ప్రమాదం ఏర్పడింది. ప్రభుత్వం అప్పటికే బార్సిలోనాకు మారింది. కట్టుదిట్టంగా తయారైన సెర్రానోస్ బురుజులను వదిలి, యుద్ధరంగం పక్కనున్న తీరపు రహదారి మీదుగా చిత్రాలను ఉత్తరానికి పంపారు. బెనికార్లో పట్టణంలో ఒక లారీ మీద బాంబు దెబ్బకు వదులైన మేడ వసారా కూలింది. ఆ లారీలో ఉన్నవి 1808 మే 2, 3 తేదీల ఘటనలపై గోయా గీసిన రెండు మహాచిత్రాలు. మే రెండో తేదీ చిత్రం చిరిగి పీలికలైంది, కొన్ని ముక్కలు పోయాయి. అప్పటికప్పుడు కొంత అతుకు వేశారు. 1941లో మళ్లీ బాగుచేసినప్పుడు పోయిన భాగాలను గీయకుండా ఒకే ఎర్రని రంగుతో పూడ్చి వదిలారు. ఆ మచ్చలు దాదాపు ఏడు దశాబ్దాలు ప్రేక్షకుల కళ్ల ముందే ఉన్నాయి. ద్విశతాబ్ది సందర్భంగా 2008లో పూర్తిచేసిన మరమ్మతులో గానీ అవి తొలగలేదు.

ఈ ప్రయాణానికి రక్షణ దృష్టితో చెప్పే సమర్థన బలహీనమైనది. కళారక్షణ సంఘానికి అధ్యక్షుడైన చిత్రకారుడు తిమోతేయో పెరెజ్ రూబియో నిజాయితీని ఎవరూ శంకించలేరు. చిత్రాలను చివరిదాకా కంటికి రెప్పలా చూసి, స్పెయిన్‌కు తిరిగి వెళ్లలేక ప్రవాసంలో బ్రెజిల్‌లో కన్నుమూసిన మనిషి ఆయన. అయినా ఆ తరలింపుకు పురికొల్పింది బురుజుల బలహీనత కాదు, జాతి సంపద ప్రభుత్వం చేతికి అందేంత దూరంలో ఉండాలన్న రాజకీయ అవసరం. బందీలన్న మాట ద్వేషంతో పుట్టిందే. కానీ ఈ ఒక్క ప్రయాణం విషయంలో దాన్ని పూర్తిగా కొట్టివేయడానికి వీల్లేదు. రెండో ప్రయాణం చిత్రాలను చేర్చిన చోట్లూ క్షేమమైనవి కావు. పెరెలాదా కోట, ఫిగేరస్‌లోని సాన్ ఫెర్నాందో కోట, లా వజోల్ దగ్గరి గని అన్నీ వెనుదిరుగుతున్న సైన్యం దారిలోనే ఉన్నాయి. సాన్ ఫెర్నాందో కోటలో కొంత భాగాన్ని 1939 ఫిబ్రవరి 8న వెనక్కి తగ్గుతున్న సైనికులే పేల్చివేశారు. చిత్రాలు అక్కడి నుంచి కదిలి అప్పటికి ఎన్నో రోజులు కాలేదు. కొలొరాదో ఈ వివరాలన్నీ దాచకుండా ఇచ్చాడు. అయినా వాటిని జెనీవా విజయానికి ముందుమాటగా చదివించాడు. రెండో ప్రయాణం తెచ్చిపెట్టిన ప్రమాదం నుంచి చిత్రాలను బయటపడవేసింది మూడో ప్రయాణం. ఒకదాని పుణ్యం మరొకదాని ఖాతాలో వేయకూడదు.

మూడో ప్రయాణాన్ని క్లుప్తంగా చెప్పుకోవచ్చు. వివిధ దేశాల మ్యూజియాల వారు కలిసి ఏర్పాటు చేసుకున్న అంతర్జాతీయ సంఘం తరఫున ఫ్రాన్స్ జాతీయ మ్యూజియాల అధికారి జాక్ జోజార్ ఫిబ్రవరి 3న ఫిగేరస్‌లో రిపబ్లిక్ విదేశాంగమంత్రితో ఒప్పందం చేసుకున్నాడు. శాంతి నెలకొన్నాక చిత్రాలను స్పెయిన్‌కు తిరిగి ఇవ్వాలని అందులో షరతు. ఆ తరువాత ఆరేడు రోజుల్లో 71 లారీల సరుకు సరిహద్దు దాటింది. ఫ్రాన్స్‌లోని పెర్పిన్యాన్‌లో 1,868 పెట్టెలు రైలెక్కి ఫిబ్రవరి 13న జెనీవాలో దిగాయి. అక్కడ నిపుణులు పెట్టె పెట్టెనూ తెరిచి జాబితా రాశారు. ఆ జోజారే ఆరు నెలల తరువాత పారిస్‌లో లూవ్ర్ మ్యూజియాన్ని ఖాళీ చేయించాడు. ఆ అంతర్జాతీయ సంఘంలో పనిచేసిన నీల్ మాక్లారెన్ లండన్ నేషనల్ గ్యాలరీ ఉద్యోగి. ఐరోపా మ్యూజియాలు యుద్ధపాఠం నేర్చుకున్నది స్పెయిన్ దగ్గరే.

ప్రయాణాలను విడదీసి చూడాలన్న ఈ పద్ధతినే ఉపన్యాసకర్త ప్రస్తుతం అమరావతి శిల్పాలకు వర్తింపజేస్తున్నారు. అక్కడ కారణం యుద్ధం కాదు, ప్రభుత్వాధికారుల ఆసక్తి. అయినా వాదం ఇలాగే రెండు ముక్కలైంది. మద్రాసు ప్రభుత్వాధికారి వాల్టర్ ఎలియట్ ఆ రాళ్లను కాపాడాడని ఒకరు, దేశం దాటించారని ఒకరు. రాళ్లు మాత్రం ఒక్కసారిగా వెళ్లలేదు. కొన్ని పలకలు ముందు మచిలీపట్నం చేరి అక్కడి సంతబజారుకు అలంకారమయ్యాయి. 1845లో ఎలియట్ తవ్వించినవి మద్రాసు చేరి ఏళ్ల తరబడి ఆరుబయట ఎండకు ఎండి వానకు తడిశాయి. 1859లో 121 శిల్పాలు ఓడెక్కి లండన్‌లో థేమ్స్ నది రేవులో పడి ఉన్నాయి. ఆ తరువాత అదే నగరంలోని ఫైఫ్ హౌస్, చివరికి 1880లో బ్రిటిష్ మ్యూజియం. అదే ఏడు మద్రాసు గవర్నరు ఉత్తర్వుతో అమరావతిలోని స్తూపం దిబ్బను తగిన నమోదు లేకుండా తవ్వేశారు. ఆ పనిని పురావస్తు పరిశోధకుడు జేమ్స్ బర్జెస్ గట్టిగా తప్పుపట్టాడు.

పల్నాటి సున్నపురాయి మెత్తనిది. దాని మీద ప్రతి మజిలీ ఒక గుర్తు వదులుతుంది. ఏ గుర్తు ఏ మజిలీదో తేల్చడానికి ఆధారాలు ఉన్నాయి. ఓడ ఎక్కకముందు లినేయస్ ట్రైప్ 1858లో మద్రాసులో ఈ శిల్పాలకు ఫోటోలు తీశాడు. లండన్ చేరాక తీసిన ఫోటోలను జేమ్స్ ఫెర్గుసన్ 1868లో తన ‘ట్రీ అండ్ సర్పెంట్ వర్షిప్’ గ్రంథంలో ప్రచురించాడు. ఉపన్యాసకర్త తయారుచేస్తున్న పట్టికలో ఒక్కో శిల్పానికి ఒక్కో పుట. తవ్విన చోటు, మచిలీపట్నం, మద్రాసు, ఓడ, రేవు, మ్యూజియం వేర్వేరు గడులు. రెండు ఫోటోల్లోనూ కనిపించే విరుగు మద్రాసు నాటికే ఉన్నది. రెండోదానిలో మాత్రమే కనిపించే విరుగు ఆ తరువాతి మజిలీల్లో తగిలినది. ప్రస్తుతానికి ట్రైప్, ఫెర్గుసన్ ఇద్దరి ఫోటోల్లోనూ ఉన్న శిల్పాలతోనే ఈ పని సాగుతోంది. మద్రాసులో మిగిలిన రాళ్లకు ఇలాంటి జంట ఫోటోలు సమకూరితే వాటికీ పుటలు చేరతాయి.